పదిన్నర నిద్ర

దబ్బనమత్తకి చేతిలో ఒక దబ్బనం, నోట్లో ఒక దబ్బనం అని పరుపుల ఫ్యాక్టరీలో అందరూ అనుకునేవారు. చేతిలోది జానెడు. నోట్లోది ఎంత పొడుగో ఎవరూ కొలవలేదు. గుచ్చుకున్నాక కొలిచే ఓపిక ఎవరికుంటుంది?

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె అక్కడ పరుపులు కుడుతోంది. చారల గుడ్డ సంచిలో దూది దట్టించి, మూతి కుట్టి, ఆ తర్వాత అడుగడుగుకీ దబ్బనాన్ని పైనుంచి కిందికి దింపి, మళ్ళీ పైకి లాగి, దారం బిగించి ముడి వేయాలి. అలా పట్టి ఉంచకపోతే దూదంతా ఒక మూలకి పోయి గుమిగూడుతుంది, పని ఎగ్గొట్టినవాళ్ళు టీ బల్ల దగ్గర చేరినట్టు. ఒక పరుపు పూర్తయ్యేసరికి రోజు గడిచిపోతుంది, నడుము పట్టేస్తుంది. యాభై ఆరేళ్ళకి ఆమె మోకాళ్ళు మొండికేశాయి గాని, కళ్ళు మాత్రం ఒక్క విసురులో దబ్బనానికి దారం ఎక్కించేవి.

ఆ ఫ్యాక్టరీలో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. నిన్న కుట్టిన పరుపు మీద, దాన్ని కుట్టినవాళ్ళే ఇవాళ పడుకుని చూడాలి. అది కూడా భోజనం చేశాక కాదు, సాయంత్రం ఒళ్ళు అలిసిపోయాక కాదు. పొద్దున పదిన్నరకి, చిక్కటి టీ తాగాక. ఆమెకి పని నేర్పిన ముసలి మేస్త్రి కారణం కూడా చెప్పేవాడు.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. నిద్ర ముంచుకొస్తున్నవాడు కంకర మీదైనా పడుకుంటాడు. వాడి మాట పరుపుకి సాక్ష్యం కాదమ్మా. నిద్ర రానివాడికి నిద్ర తెప్పించాలి. అదీ పరుపంటే."

పడుకున్న మనిషికి నిద్ర పడితే, పక్కన కుడుతున్న మనిషి పది నిమిషాలు చూసి, గుడ్డ కొలిచే బద్దతో అరికాలి మీద తట్టి లేపాలి. లేచిన మనిషి పరుపు కుడి మూల ఎర్ర దారంతో ఒక ముడి వేయాలి. నిద్ర పట్టకపోతే ముడి లేదు. కుట్టు విప్పి, దూది దులిపి, మళ్ళీ మొదటికి. ఆ పరుపులు ఎక్కువగా కొనేది ఒక పెద్ద ఆసుపత్రి. అక్కడి స్టోరులో సామాను దించుకునే ఆవిడ ప్రతి పరుపుకీ కుడి మూల ఎత్తి, ఎర్ర ముడిని వేలితో తాకి చూసి గాని లోపలికి రానిచ్చేది కాదు.

ఆరు నెలల కిందట కొత్త క్వాలిటీ ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేం. ఎవరినీ ఏకవచనంలో పిలిచేవాడు కాదు, లంచం ముట్టేవాడు కాదు. కాని చేతిలో ఎప్పుడూ ఒక అట్ట, అట్టకి కాగితం, కాగితం నిండా గళ్ళు. నడుస్తూ టిక్కు, నిలబడి టిక్కు. రెండో రోజుకల్లా కుట్టేవాళ్ళు ఆయనకి టిక్కు సారని పేరు పెట్టేశారు. ఆయన ఒక యంత్రం తెప్పించాడు. పీపా అంత రోలరు పరుపు మీద అటూ ఇటూ వెయ్యిసార్లు దొర్లి, పరుపు ఎంత దిగిందో అంకె చూపిస్తుంది. ఆయన దాని గొప్పతనం అరగంట సేపు వివరించి, సందేహాలుంటే అడగమన్నాడు.

"దీనికి నిద్ర వస్తుందా సార్?" అంది దబ్బనమత్త.

షెడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

మర్నాడు గోడ మీద ఇంగ్లీషులో నోటీసు పడింది. పరుపుల మీద పడుకోకూడదు. ఎర్ర ముడి బదులు యంత్రం ఇచ్చే చీటీ అంటించాలి. ఇరవై ఏళ్ళుగా దబ్బనమత్త పక్కన కూర్చుని ఆమె అరికాలు తడుతూ వచ్చిన కుట్టుపనామెని యంత్రం దగ్గరికి మార్చేశారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే పడుకోవడం మానేశారు. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నారు. నిజమే, ఇల్లు గడవాలిగా. దబ్బనమత్త కూడా షాపులకి పోయే పరుపుల విషయంలో ఊరుకుంది. ఆసుపత్రి పరుపుల దగ్గర మాత్రం ఊరుకోలేదు, ఎవరు కుట్టినవైనా తనే పడుకుని చూసి ఎర్ర ముడి వేసేది. నోటీసులో ఏముందో తెలియక కాదు. అందరికంటే ముందు గుమస్తా చేత చదివించుకుంది ఆమే.

ఒక మంగళవారం ఆసుపత్రి పరుపు మీద పావుగంట పడుకుని చూసింది. నిద్ర దరిదాపులకి రాలేదు. కుడి భుజం కింద ఏదో ఉంది. యంత్రం ఆ పరుపుని అప్పటికే పాస్ చేసి చీటీ అంటించింది. ఆమె చీటీ పీకేసి, కుట్టు విప్పి, గడ్డకట్టిన దూది ఏరి పారేసి, సాయంత్రం దాకా కూర్చుని మళ్ళీ కుట్టింది. బుధవారం పదిన్నరకి టీ తాగి దాని మీద పడుకుంది. ఈసారి నిద్ర పట్టింది. పట్టడమంటే మామూలుగా కాదు, లేపేవాళ్ళు పక్కన లేరు గనక నలభై నిమిషాలపాటు పట్టింది.

టిక్కు సారు వచ్చి చూశాడు. ముందు గడియారం చూశాడు. తర్వాత ఫోను తీసి తల వైపునించి ఒకటి, కాళ్ళ వైపునించి ఒకటి, పక్కనించి ఒకటి, మూడు ఫోటోలు తీశాడు. ఆ తర్వాతే చప్పట్లు కొట్టి లేపాడు. ఆమె లేచి కూర్చుని, కళ్ళు నులుముకుని, అలవాటు చొప్పున ఎర్ర దారం కోసం చెయ్యి చాపింది.

"ముట్టుకోకండి. అది సాక్ష్యం," అన్నాడు ఆయన.

ఎర్ర ముడి వేయకుండానే ఆ పరుపుని ఇద్దరు మోసుకుపోయి ఆఫీసు గదిలో గోడకి నిలబెట్టారు. పని పోతుందేమోనన్న భయం కంటే ఆ ముడి పడలేదన్నదే ఆమెని ఎక్కువ తొలిచింది. మిగతావాళ్ళకిది పిచ్చిగా అనిపించింది. నాకు అనిపించలేదు, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

గురువారం చార్జిషీటు చేతికొచ్చింది. ఇంగ్లీషులో రెండు పేజీలు. ఆఫీసు గుమస్తా ఆమెని పక్కకి పిలిచాడు. పాతికేళ్ళ నుంచి ఎరిగిన మనిషి. ఆమె కుట్టిన పరుపు మీదే ఆయన ఇద్దరు పిల్లలూ పెరిగారు.

"అత్తా, ఒక్కసారి నోరు కట్టేసుకుని నా మాట విను. రూల్సు పుస్తకంలో నిద్రకి మూడు మెట్లున్నాయి. డ్రౌజీ అని రాస్తే నోటి మందలింపు. డోజ్డ్ ఆఫ్ అని రాస్తే మూడు రోజులు ఇంట్లో కూర్చోవడం. ఫాస్ట్ అస్లీప్ అని రాస్తే ఇంటికే."

"నాది ఏ మెట్టు?"

"ఆయన మూడోది రాశాడు. కానీ ఒప్పుకోలు నువ్వు రాయాలి. ఒంట్లో నలతగా ఉండి, కూర్చున్నచోటే కాస్త డోజ్డ్ ఆఫ్ అయ్యానని రాసిచ్చెయ్. ఫోటోలో నోరు కూడా తెరుచుకుని ఉందనుకో, అయినా నేను సర్దుతాను. ఆయనకి కావాల్సింది సంతకం. నీకు కావాల్సింది ఉద్యోగం. ఇంకా ఏడాదిన్నరేగా రిటైర్మెంటుకి!"

"అంటే నాకు సరిగ్గా నిద్ర పట్టలేదని రాయమంటావ్."

"అబ్బ, రాసేది కాగితం మీదే కదత్తా."

"పరుపు మీద కూడా రాసినట్టే అది," అంది దబ్బనమత్త. గుమస్తా నెత్తి కొట్టుకున్నాడు. విచారణ తొమ్మిది రోజుల తర్వాత, ఇంగ్లీషు తెలిసిన ఒకరిని తోడు తెచ్చుకోవచ్చని చెప్పి పంపించాడు.

ఇంగ్లీషు తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. కొడుకు దూరపు బస్సు నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్ల మీదే. ఇంట్లో మిగిలేది అత్తా కోడళ్ళే. కోడలు ముందుగదిలో నల్లబల్ల పెట్టి పెద్దవాళ్ళకి ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంది. షాపుల్లో పనిచేసేవాళ్ళు, కారు డ్రైవర్లు, ఇద్దరు నర్సులు. చార్జిషీటు చదివి ఆమె సుద్దముక్క పక్కన పడేసింది.

"అత్తయ్యా, ఏంటిది? పడుకోవద్దని నోటీసు పెట్టినా పడుకున్నారా?"

"పడుకున్నాను. ముందు నాకా మూడు మాటలూ నేర్పు. నన్ను తిట్టిన తిట్టేదో నాకు తెలియాలిగా."

"మూడేం ఖర్మ, ముప్ఫై ఉన్నాయి," అంది కోడలు కోపంగా. ఆ కోపంతోనే నల్లబల్ల తుడిచి రాయడం మొదలుపెట్టింది. పిల్లకి కోపమొస్తే పాఠం బాగా వస్తుంది.

డ్రౌజీ అంటే మగత. కళ్ళు బరువెక్కడం. డోజ్ ఆఫ్ అంటే తెలియకుండా కునుకు పట్టడం. నాడ్ ఆఫ్ అంటే తల వాల్చుకుంటూ జోగడం.

"కునికిపాట్లు," అంది అత్త. "బస్సులో పక్కవాడి భుజం మీద పడేది. ఇంకా?"

"క్యాట్ నాప్. పిల్లి కునుకు."

"మనది కోడికునుకు కదే! వాళ్ళకి పిల్లి, మనకి కోడి. రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఏదీ నిద్రపోదు."

కోడలు నవ్వు ఆపుకుంది. ఫార్టీ వింక్స్ అని రాసి, నలభై రెప్పపాట్లు అంది. నలభై అని ఎవరు లెక్కపెట్టారు, టిక్కు సారేనా అని అడిగింది అత్త. హిట్ ద సాక్ అంటే సంచిని కొట్టడం, అంటే పక్క ఎక్కడం. ఆ మాట ఆమెకి తెగ నచ్చింది. దట్టించిన సంచే కదా పరుపంటే, ఆ మాట పుట్టించినవాడెవడో మన పనివాడే అయ్యుంటాడని తేల్చేసింది. స్లీప్ లైక్ ఎ లాగ్ దగ్గరికి వచ్చేసరికి కోడలు దుంగలా అనబోయింది. అత్త అందుకుంది. "మొద్దునిద్ర. చూశావా, మొద్దు ఎక్కడైనా మొద్దే." డ్రిఫ్ట్ ఆఫ్ అంటే పడవ తాడు విప్పేస్తే నీళ్ళమీద దానంతటది తేలుతూ పోయినట్టు నిద్రలోకి జారుకోవడమని కోడలు చెబితే, అత్త కళ్ళు మూసుకుని వింది. ఇది బావుంది, చెప్పినవాడు మంచి పరుపు మీద పడుకున్నాడు అంది.

ఫాల్ అస్లీప్ మీద మాత్రం పేచీ పెట్టింది.

"నిద్రలో పడటమేంటి, గుంటలో పడ్డట్టు? మనల్ని నిద్రే వచ్చి పడుతుంది. నేను పొరపాటున పడలేదమ్మాయ్. కాళ్ళు కడుక్కుని, టీ తాగి, చూసుకుని మరీ పడుకున్నాను."

చివరికి కోడలు ఫాస్ట్ అస్లీప్ అని రాసింది. ఫాస్ట్ అంటే వేగం కదా అని అడిగింది అత్త. ఆ మాత్రం ఇంగ్లీషు ఆమెకీ వచ్చు. ఇక్కడ వేగం కాదు, బిగి, గట్టిగా పట్టి ఉండటం అని చెప్పింది కోడలు.

"కుట్టు బిగించినట్టా?"

"ఆ, అలాగే. లాగినా ఊడిరానట్టు."

దబ్బనమత్త ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూసింది. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, అక్షరాల మీద వేలుతో దిద్దింది.

"ఇదే. బుధవారం నాకు పట్టింది ఇదే."

"అత్తయ్యా!" కోడలు గొంతు మారిపోయింది. "అదొక్కటీ అనకండి. మిగతావి ఏవైనా అనండి. దండం పెడతాను. నేను డోజ్డ్ ఆఫ్ అని కాగితం రాసి పెడతాను, మీరు సంతకం చేస్తే చాలు. ఒక్క చిన్న మాటకి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

ఆ తొమ్మిది రోజులూ కోడలు చెవినిల్లు కట్టుకుని పోరింది. కొడుకు ఫోన్లో పోరు పెట్టాడు. గుమస్తా రెండుసార్లు ఇంటికొచ్చి మరీ చెప్పాడు. అత్త ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకుంటూ కూర్చుంది. విచారణకి ముందురోజు పొద్దున కోడలు ఇక ఉండబట్టలేక ఏడ్చేసింది. మీకు మీ పంతమే ముఖ్యం, మేం కాదు అంది. అప్పుడు దబ్బనమత్త పలక పక్కన పెట్టింది.

"పంతం కాదమ్మాయ్, భయం. విను. పనిలో చేరిన ఏడాది నాకు పాతికేళ్ళు. పదిమంది మగాళ్ళ మధ్య పట్టపగలు కాళ్ళు చాపుకుని పడుకోవాలంటే సిగ్గుతో చచ్చేదాన్ని. కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు నటించేదాన్ని. బద్దతో తట్టగానే లేచి ముడి వేసేసేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఏడాదే మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మూడు నెలలు కదలకూడదన్నారు. నేను కుట్టిన పరుపే తెచ్చి వేశాను, ఎర్ర ముడి ఉన్నది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ, మా అమ్మాయి కుట్టింది అని చూపించేది. ఎలా నిద్ర పడుతోందే అంటే, బ్రహ్మాండంగా అనేది. నేను గదిలోకి వస్తే కళ్ళు మూసుకునేది."

ఆమె వేళ్ళకంటిన సుద్ద కొంగుకి తుడుచుకుంది.

"ఇరవై రెండో రోజు ఒళ్ళు తుడవడానికి పక్కకి తిప్పితే, నడుం కింద ఇంత పుండు. దబ్బనం తెచ్చి కుట్టు విప్పాను. లోపల నిమ్మకాయంత దూది గడ్డ, రాయిలా. అన్ని రాత్రులూ ఆవిడ నిద్రపోలేదే. నేను బాధపడతానని నటించింది. నటన మా ఇంట్లో వంశపారంపర్యం. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. పుండు చూసిన మర్నాడే పదిన్నరకి అందరి ముందూ కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఆ రోజు నించి నిద్ర గురించి నేను అబద్ధమాడలేదు. ఇంకేమైనా ఆడమను, ఆడతాను. బస్సులో టిక్కెట్టు కొన్నానని ఆడతాను. ఇది మాత్రం ఆడలేను."

కోడలు కళ్ళు తుడుచుకుంది. కాని తను రాసి ఉంచిన డోజ్డ్ ఆఫ్ కాగితం మాత్రం మడిచి చేతిసంచిలోనే పెట్టుకుంది. ఎంతైనా కోడలు, ఆశ చావదు.

విచారణ ఆఫీసు గదిలో. ఫిర్యాదు టిక్కు సారుదే, విచారించేదీ ఆయనే. ఎలుకకి పిల్లి సాక్ష్యమని మన పెద్దలు ఇలాంటివి చూసే అన్నారు. బల్లకి ఒక పక్క గుమస్తా కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు. గోడకి ఆ పరుపు నిలబడి ఉంది, మెడలో నంబరు చీటీ వేసుకుని. దబ్బనమత్త కోడల్ని వెంటబెట్టుకుని లోపలికి రాగానే ముందు దాన్నే పలకరించింది. దుమ్ము పట్టిందని కొంగుతో దులిపింది.

ఆఫీసరు మర్యాదగానే మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, మీరు సీనియర్. మీ మీద నాకు కక్ష లేదు. అలిసిపోయి కునుకు పట్టింది, అంతే కదా?"

"అలిసిపోలేదు సార్. పొద్దున పదిన్నర. అంతకుముందే టీ తాగాను."

"అయితే అలవాటు. ముప్ఫై ఏళ్ళుగా ఆ టైముకి పడుకునేవాళ్ళకి ఆ టైముకి నిద్ర రాదా?"

ప్రశ్న మంచిదే. గుమస్తా కూడా తలెత్తి చూశాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"మంగళవారం కూడా అదే టైముకి పడుకున్నాను సార్, ఇదే పరుపు మీద. రెప్ప వాలలేదు. భుజం కింద గడ్డ ఉంది. మీ యంత్రం దానికి చీటీ ఇచ్చింది. దూది ఏరి మళ్ళీ కుట్టాను, బుధవారం నిద్ర పట్టింది. మనిషి అదే, టైము అదే, టీ అదే. మారింది పరుపు ఒక్కటే. మీరే చెప్పండి, అలవాటు మంగళవారం ఎక్కడికి పోయింది?"

ఆఫీసరు అట్ట మీది కాగితం తిప్పాడు. దానికి గడి లేదు కాబోలు.

"మంగళవారం సంగతి చార్జిషీటులో లేదు. మీరు డ్యూటీలో ఉండగా నిద్రపోయారా లేదా?"

"నిద్రపోవడమే నా డ్యూటీ సార్ అక్కడ. ఈ పరుపు మీద పడుకునేవాళ్ళు అటు తిరగలేరు, ఇటు తిరగలేరు. నొప్పి పుట్టినా కొందరు చెప్పరు. మీ రోలరు వెయ్యిసార్లు దొర్లుతుంది, దానికి నొప్పి పుట్టదు. వాళ్ళు దొర్లలేకే కదా పడుకున్నారు!"

ఆఫీసరు గొంతు సవరించుకుని, ఒప్పుకోలు కాగితం ఆమె ముందుకి తోశాడు. డోజ్డ్ ఆఫ్ అని రాస్తే మూడు రోజులతో పోతుందని, తానుగా అంతవరకు తగ్గుతానని చెప్పాడు. నిజంగానే ఒక మెట్టు దిగాడు పాపం. ఆ మాట ఆమెకి అర్థమయ్యేలా చెప్పమని కోడలి వైపు చూశాడు.

కోడలి చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఆ చెయ్యి కలంతో బయటికొచ్చింది. కాగితం సంచిలోనే ఉండిపోయింది.

"చెప్పక్కర్లేదు సార్. తొమ్మిది రోజులు నేనే నేర్పాను. అన్ని మాటల్లోంచి ఆవిడే ఏరుకుంది."

దబ్బనమత్త కలం తీసుకుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు వేస్తూ, జీవితంలో మొదటిసారి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసింది. రాసి, గట్టిగా చదివింది.

"ఐ వాజ్ ఫాస్ట్ అస్లీప్. మ్యాట్రెస్ ఈజ్ గుడ్."

సంతకం పెట్టి లేచింది. జాకెట్లోంచి ఎర్ర దారం ఎక్కించిన దబ్బనం తీసింది. ఏమిటా అని అందరూ చూస్తుండగానే గోడ దగ్గరికి వెళ్ళి, పరుపు కుడి మూల పట్టుకుని, ఒక్క పోటు పొడిచి, లాగి, ముడి బిగించింది.

"సాక్ష్యాన్ని ముట్టుకోకూడదని చెప్పానా!" ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు.

"ఇప్పుడే పూర్తయింది సార్ సాక్ష్యం," అంది ఆమె. పళ్ళతో దారం తెంపింది.

వారానికి ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగంలోంచి తొలగించారు. కోడలు వద్దంటున్నా మూడుసార్లు చదివించుకుంది. ఫాస్ట్ అస్లీప్ అన్న మాట వచ్చినప్పుడల్లా తల ఊపింది. పంతం నెగ్గిందని సంబరపడిందని అనుకోకండి. మర్నాడు పొద్దున పదిన్నరకి చిక్కటి టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఏం చేయాలో తోచలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ వేళకి చేతికి పని లేదు, నడుముకి పరుపు లేదు. వంటింట్లో నిలబడి గోడకేసి చూస్తూ ఏడ్చింది. దాచుకోలేదు, కోడలు వచ్చినా ఆపలేదు. నటన ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు కదా.

కోడలు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ముందుగదిలోకి వెళ్ళి ట్యూషన్ కుర్చీలు ఒక పక్కకి జరిపింది. తమ మంచం మీది పాత పరుపు ఈడ్చుకొచ్చి నేల మీద పడేసింది.

"ఇది కుట్టించాలని ఎప్పటినించో అనుకుంటున్నాను అత్తయ్యా. మీ అబ్బాయికి నడుం నొప్పి. మీ దబ్బనం ఖాళీగా ఉందా?"

అలా మొదలైంది. ఆ పరుపు చూసి పక్కింటివాళ్ళు తమది తెచ్చారు, అది చూసి ట్యూషన్‌కి వచ్చే నర్సుల్లో ఒకామె వాళ్ళ నాన్నది తెచ్చింది. పదిహేను రోజులకల్లా గదిలో దారి లేకుండా పరుపులు పేరుకున్నాయి. బోర్డు కావాలన్నారు. కోడలు తన పాత నల్లబల్ల ఇచ్చింది, కొత్తది కొనుక్కుంటానంది. దాని మీద తెల్లరంగుతో ఏం రాయాలో అత్తే చెప్పింది. ఉత్తర్వులో ఉన్న రెండు మాటలూ పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో. దాని కింద తెలుగులో: పరుపులు విప్పి కుట్టబడును. పడుకుని చూసి ఇవ్వబడును.

బోర్డు పెట్టిన మూడో వారం, ఒక పొద్దున, ఆ ఇంటి ముందు టిక్కు సారు ఆగాడు. చంకలో అట్ట ఉంది. చెమట తుడుచుకుని బోర్డు వైపు చూశాడు, మళ్ళీ చూశాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. గది మధ్యలో ఎవరిదో పరుపు. దాని మీద దబ్బనమత్త కాళ్ళు చాపుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని, అటు వీధికీ ఇటు గదికీ కనబడేలా పడుకుని ఉంది. పక్కన కోడలు చేతిలో కొలబద్ద పట్టుకుని గడియారం చూస్తోంది.

ఆఫీసరు గడప దగ్గర నిలబడి చెప్పాడు. ఆసుపత్రివాళ్ళు లోడు మొత్తం వెనక్కి పంపారు. కుడి మూల ముడి లేనివి దించుకునేది లేదంటున్నారు. చీటీలు చూపిస్తే, అవి మాకెందుకు, దీని మీద పడుకున్న మనిషి ఎవరో చెప్పండి అంటోంది స్టోరావిడ. ఒక్కసారి వచ్చి ముడులు వేసి వెళ్తే, మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు.

"కాస్త ఆవిడని లేపుతారా?" అన్నాడు.

కోడలు వేలు పెదవుల మీద పెట్టుకుంది. గోడ మీది గడియారం పదిన్నర దాటి ఆరు నిమిషాలు చూపిస్తోంది.

"ఇంకో నాలుగు నిమిషాలు నిలబడండి సార్," అంది మెల్లగా. "మా అత్తయ్య డ్యూటీలో ఉంది."